గంట కట్టేసిన రోజుల్లో

మా నాయనమ్మకు చావంటే భయం లేదు. ఈస్టర్‌కు ముందు గురువారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి లోపల చావడమంటేనే భయం. ఈ మాట బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేం. మా ఇంట్లో మాత్రం ఆ ఏడాది తపస్సుకాలం, అంటే ఈస్టర్‌కు ముందు నలభై రోజులూ, ఆ భయంతోనే గడిచింది.

మాది దివిసీమలో, అవనిగడ్డకు దిగువన, బస్సు దిగి కాలవ గట్టు వెంట నడిచి వెళ్ళాల్సిన ఊరు. ఊళ్ళో సగం మంది కతోలికులం. మేం చర్చి అనం, గుడి అంటాం. ఫాదర్ గారు చేసేదాన్ని పూజ అంటాం. గుడి పక్కనే గంట గోపురం, అందులో ఒకటే గంట. ఆ గంట తాడు మా ఇంటివాళ్ళ చేతుల్లో ఉండేది. దానికేదో మాన్యం ఉందనుకునేరు, ఏమీ లేదు. మా తాతయ్య కొట్టేవాడు, ఆయన పోయాక మా నాన్న కొట్టేవాడు, అంతే. నాన్న కౌలు చేసుకునే మనిషి. పొలంలో ఉన్నా సరే, వేళయ్యేసరికి కాళ్ళు కడుక్కుని గోపురం దగ్గరికి వెళ్ళిపోయేవాడు. క్రిస్మస్‌కు ఫాదర్ గారు ఒక పంచె పెట్టేవారు. అది కట్టుకోవడానికి కూడా మొహమాటపడేవాడు మహానుభావుడు.

గంట మోతలో రకాలున్నాయి. పూజకు ఒక రకం, పెళ్ళికి ఒక రకం, చావుకు ఒక రకం. చావు గంట అంటే ఒక్క దెబ్బ కొట్టి, ఆ మోత పూర్తిగా అణిగేదాకా ఆగి, మళ్ళీ ఒక్క దెబ్బ. పెద్దవాళ్ళకు అలా. చిన్నపిల్లలు పోతే తాడు లాగరు. పైకెక్కి, గంట లోపలి ఇనుప నాలుకను చేత్తో పట్టుకుని అంచుకు చిన్నగా తాటిస్తారు. టింగు టింగుమని సన్నగా, వెంటవెంటనే. ఆ మోత వింటే ఊళ్ళో ప్రతి తల్లీ ముందు తన బిడ్డ ఎక్కడుందో చూసుకుంటుంది. చావు గంట వినగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగి, సిలువ గుర్తు వేసుకుని, పోయినవాళ్ళ ఆత్మ కోసం జపం చెప్పుకుంటారు. ఆ తర్వాత బయటికొచ్చి "ఎవరంట?" అని అడుగుతారు. అడిగినవాళ్ళందరికీ చెప్పేదాకా గంట కొట్టినవాడు గోపురం కిందే నిలబడాలి. అది మా ఊరి పద్ధతి.

ఏడాదికి ఒక్కసారి ఆ గంట మూగబోతుంది. పవిత్ర గురువారం సాయంత్రం పూజలో మహిమ గీతం పాడేటప్పుడు మోగించి, తాడు పైకి చుట్టి కట్టేస్తారు. మళ్ళీ శనివారం రాత్రి పాస్క పూజలో, అంటే ఈస్టర్ పూజలో, మహిమ గీతం వచ్చేదాకా విప్పరు. ప్రభువు సమాధిలో ఉన్నంతసేపూ గంట ఉండదు. జనాన్ని పిలవాలంటే కొయ్య గంటే దిక్కు. ఒక పలకకు చెక్క సుత్తి బిగించి ఉంటుంది, పట్టుకుని ఊపితే టకటకా కొట్టుకుంటుంది. అదంటే నాయనమ్మకు ఒళ్ళు మంట. "ఏంట్రా ఆ కప్పల గోల" అనేది. ఆ రోజుల్లో ఎవరైనా పోతే వాళ్ళకు పూజ లేదు, గంట లేదు. కొయ్య గంట ముందు నడుస్తుంటే తీసుకెళ్ళి పూడ్చి రావడమే.

గంట కోసం ఆవిడకెందుకంత పట్టుదల అంటే, ఉప్పెన. మా ప్రాంతంలో ఆ మాటకు ముందూ వెనకా ఏమీ చేర్చక్కర్లేదు. అప్పటికి నాన్న మీసాలు రాని కుర్రాడు. ఆయన చెల్లెలు, అంటే నాకు మేనత్త, నాలుగేళ్ళ పిల్ల. నీళ్ళు మీదికొచ్చినప్పుడు నాయనమ్మ ఆ పిల్లను కొంగుతో వీపుకు కట్టుకుని తాటిచెట్టును వాటేసుకుంది. తెల్లారేసరికి చెట్టుంది, ఆవిడుంది, చిరిగిన కొంగు ఉంది. పిల్ల లేదు. తర్వాత కూడా దొరకలేదు. ఆ రాత్రంతా గాలికి గుడి గంట దానంతటదే మోగుతూనే ఉందట. తెల్లారాక మాత్రం ఎవరికీ మోగలేదు. తాడు తెగిపోయింది. కొట్టే ఓపిక ఎవరికుంది, ఎవరికని కొడతారు? దొరికినవాళ్ళను గోతుల్లో పూడ్చారు. దొరకనివాళ్ళకు అది కూడా లేదు.

కొన్నాళ్ళకు కొత్త తాడు కట్టాక, పిల్లకు గంట కొడతానన్నాడట తాతయ్య. నాయనమ్మ పడనివ్వలేదు. "నేను బతికుండగా నా పిల్లకు చావు గంట కొట్టావంటే ఆ తాడు కోసి కాలవలో పారేస్తా" అందట. కానీ ఒక మాట తీసుకుంది, ముందు తాతయ్య దగ్గర, ఆయన పోయాక నాన్న దగ్గర. తను పోయిన రోజున తనకు గంట కొట్టి, వెంటనే పైకెక్కి పిల్లకూ కొట్టాలి. "ఇద్దరం కలిసి వెళ్తాం. అది చిన్నది, దానికి దారి తెలీదు" అనేది. బజారుకెళ్ళొస్తానన్నంత మామూలుగా అనేది. నాన్న తలూపేవాడు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ మాట వింటూనే పెరిగాను, కాబట్టి నాకది వింతగా ఉండేది కాదు.

నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా, తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాటికి నాయనమ్మ మంచం పట్టింది. అవనిగడ్డ తీసుకెళ్తే, గుండె నీరసించిందమ్మా, ఇంటికి తీసుకెళ్ళి కావలసినవి పెట్టండి అన్నారు. కాళ్ళు పొంగాయి. పడుకుంటే ఊపిరాడదు, దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టాలి. నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు. శుక్రవారం శుక్రవారం సిలువ మార్గం, అంటే ప్రభువు సిలువ మోసిన ఘట్టాలను తలుచుకునే ఊరేగింపు, మా వీధిలోకి వచ్చి ఒక్కో ఇంటి ముందూ ఆగి పాడుతుంటే, మంచంలోంచి కేకేసేది: "ఒరేయ్, ఆ పాట సాగదీయకండ్రా. ప్రభువు మూడోసారి పడేలోపు నేను పోయేట్టున్నాను!" బయట మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళు. ఉపదేశిగారు, అంటే ఫాదర్ గారు లేనప్పుడు ప్రార్థనలు నడిపించే పెద్దాయన, గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు.

ఈస్టర్‌కు ముందు వారం, మట్టల ఆదివారం నాడు నేను గుడి నుంచి తెచ్చిన కొబ్బరాకును సిలువలా మడిచి ఆవిడ చేతిలో పెట్టాను. దాన్ని చూసుకుని నాన్నను పిలిచింది.

"ఒరే అబ్బాయ్, మంగళవారం గానీ బుధవారం గానీ పోతే నీకేం ఇబ్బంది లేదుగా?"

"ఏంటమ్మా ఆ మాటలు."

"ఏంటంటావేంట్రా. గురువారం పొద్దున కూడా పర్లేదు. సాయంత్రం దాటిందా, కొంప మునిగినట్టే."

"ఆదివారం దాకా ఉండమ్మా" అన్నాడు నాన్న. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే. చిన్నపిల్లాడు జాతరలో ఇంకాసేపు ఉందామని బతిమాలినట్టు అన్నాడు.

"ఉండటం నా చేతిలో ఉందంటరా" అంది.

మంగళవారం పోలేదు. బుధవారం పోలేదు. నిజం చెప్పాలంటే మేమందరం ఆ రెండు రోజులూ ఎదురుచూశాం. ఎదురుచూస్తున్నందుకు ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. గురువారం మధ్యాహ్నం ఫాదర్ గారు నూనె పూయడానికి వచ్చారు. ఆయన గుడివాడ అవతల్నుంచి ఆ ఏడాదే వచ్చారు, వయసులో చిన్నవారు, మంచివారే. అవస్థలో ఉన్నవాళ్ళకు నూనె రాసి ప్రార్థిస్తే ఆత్మకు బలం అని మా నమ్మకం. నూనె పడిందంటే ఇక వెళ్ళిపోతారని కూడా మా ఊళ్ళో నమ్మకం. నాయనమ్మ చేతులు దుప్పట్లోకి లాగేసుకుంది.

"ఇప్పుడొద్దు సాములోరూ. ఆదివారం పూజయ్యాక రాద్దురు గానీ."

"అమ్మా, ఇది మీ బలం కోసమే."

"నాకు బలం ఉంది నాయనా. ఆదివారం దాకా సరిపోయేంత ఉంది."

అమ్మ బతిమాలింది, నాన్న బతిమాలాడు. చివరికి ఒప్పుకుంది గానీ, నూనె రాస్తున్నంతసేపూ కళ్ళు తెరిచి ఆయన్నే కోపంగా చూస్తూ ఉంది. ఆ సాయంత్రం మహిమ గీతానికి గంట మోగింది. మంచంలో కూర్చునే వింది. నాన్న ఇంటికి రాగానే, "కట్టేశావా?" అని అడిగింది. "కట్టేశానమ్మా" అన్నాడు. మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ తర్వాత నాన్నతో మాట్లాడలేదు.

శుక్రవారం పొద్దున అమ్మ గంజి నీళ్ళు చెంచాతో పోస్తుంటే ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, "ఏ వారమే?" అంది.

"ఆదివారం అత్తయ్యా" అంది అమ్మ. చటుక్కున అనేసింది. అబద్ధమాడటం చేతకాని మనిషి మా అమ్మ.

"ఆదివారమైతే గంట వినపడలేదేంటే?"

అమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. నాయనమ్మ కాసేపటికి వెళ్ళిపోయింది. పదకొండు కూడా కాలేదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే సాయంత్రానికల్లా ఊరు ఊరంతా ఆవిడ సరిగ్గా మూడు గంటలకు, ప్రభువు ప్రాణం విడిచిన వేళకే పోయిందని చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అలాగే చెబుతారు. నేను అక్కడే ఉన్నాను మొర్రో అన్నా వినరు.

చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఏడ్చినవాళ్ళకంటే మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. ఎదురింటి మామ్మ అయితే మంచం పట్టె పట్టుకుని, "ఎంత అదృష్టం చేసుకున్నావమ్మా, దేవుడు పోయిన రోజే నువ్వూ పోయావు, నేరుగా మోక్షమే, మాకెక్కడిది ఆ రాత" అని దండం పెట్టింది. ఆవిడ నాయనమ్మకు ఈడుది. ఆవిడకూ ఉప్పెనలో ఒక కూతురు, ఒక కొడుకు పోయారు. కానీ ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు ఆవిడ మాటలకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అదృష్టమా? గురువారం నుంచి కొడుకుతో మాట్లాడకుండా ఉన్న మనిషిని చూసి అదృష్టమంటుందా? "ఆవిడకు ఈ రోజు వద్దు మామ్మా. ఈ రోజు తప్ప ఇంకే రోజైనా సరేనంది" అన్నాను. అమ్మ నా జబ్బ గిల్లి లోపలికి తోసింది.

నాన్న ఫాదర్ గారి దగ్గరికి వెళ్తుంటే వెంట వెళ్ళాను. మూడు గంటల ప్రార్థనకు ఏర్పాట్లలో ఉన్నారాయన. నాన్న చేతులు కట్టుకుని నిలబడి, "ఒక్కసారి విప్పుకుంటానండి" అన్నాడు.

"ఏంటి విప్పేది?"

"గంటండి. అమ్మకు మాటిచ్చానండి. ఒక్క నాలుగు దెబ్బలండి."

ఫాదర్ గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఈ రోజు గంట మోగకూడదని నీకు నేను చెప్పాలా? మీ ఇంటివాళ్ళే కదయ్యా కట్టేది. వచ్చేవారం మీ అమ్మగారి కోసం పూజ చేద్దాం. ప్రార్థన ముఖ్యం గానీ గంటదేముంది."

నాన్న నోరులేని మనిషి. "అవునండి" అన్నాడు. ఆ "అవునండి" విని నాకు ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది.

బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే మా మావయ్య కబురందుకుని వచ్చాడు. "ఐసు దిమ్మలు నేను తెస్తాను బావా, రొయ్యల వ్యానులో వేయిస్తా. సోమవారం దాకా ఉంచుదాం. అప్పుడు గంట కొట్టి, పూజ చేయించి మరీ పంపుదాం" అన్నాడు. మా ఇంట్లో ఆ మాత్రం తెగువ ఉన్నది ఆయనొక్కడికే. నాన్న మొహంలో కాస్త కళ వచ్చింది. కానీ సాయంత్రానికి వీధి పెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పాస్క పండగ పూట వీధిలో శవం ఉంటే ఎవరింట్లో పొయ్యి వెలుగుతుంది? బందరు వెళ్ళి పిల్లలకు బట్టలు తెచ్చుకున్నారు, మాంసానికి వేటలు చెప్పుకున్నారు, ఆడపిల్లలు అల్లుళ్ళతో వస్తున్నారు. ఎవరూ గట్టిగా అనలేదు. "నువ్వే ఆలోచించయ్యా" అన్నారు. అలా అంటే ఇక ఆలోచించడానికి ఏముంటుంది? నాన్న మళ్ళీ "అవునండి" అన్నాడు.

శనివారం పొద్దున్నే తీసుకెళ్ళారు. ఉపదేశిగారు ముందు కొయ్య గంట ఊపుకుంటూ నడిచారు. టక టక టక. ఆ కప్పల గోల వెంటే మా నాయనమ్మ వెళ్ళింది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. కాలవ గట్టు మీద ఎవరూ ఆగి సిలువ గుర్తు వేసుకోలేదు. గంట లేకపోతే పోయింది ఫలానా మనిషని పొలాల్లో ఉన్నవాళ్ళకెలా తెలుస్తుంది? తాతయ్య పక్కన పెట్టి మట్టి పోశాం. ఆవిడ చేతిలో కొబ్బరాకు సిలువ అలాగే ఉంది, అప్పటికి ఎండిపోయింది.

ఆ రాత్రి పాస్క పూజ. మాకు మైల అంటూ లేదు, వెళ్ళాం. చీకట్లో కొవ్వొత్తులతో నిలబడ్డాం. మహిమ గీతం ఎత్తుకోగానే గంట మోగింది. ఎంత గట్టిగా మోగిందంటే గోపురంలో పావురాలన్నీ లేచిపోయాయి. పొద్దున తల్లిని పూడ్చి వచ్చిన చేతులవి. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఇంటికొచ్చాక అడిగేశాను. "అంత గట్టిగా కొట్టాలా నాన్నా? నీకు బాధే లేదా?"

"పాస్క గంట నీరసంగా కొడతారేంటే" అన్నాడు. అరచేతుల తోలు లేచిపోయి ఉంది. అమ్మ పసుపు, కొబ్బరి నూనె కలిపి రాసింది.

ఆదివారం మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. వీధిలోవాళ్ళు కూరలు తెచ్చి పెట్టారు. వేట మాంసం వాసన ఇల్లంతా నిండిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు. పొద్దు వాలుతుండగా నాన్న అరుగు మీద అమ్మతో అన్నాడు.

"రేపు పొద్దున కొడతాను."

"ఫాదర్ గారిని అడిగారా?"

"అడిగితే వద్దంటారు."

"ఇద్దరికీనా?" అంది అమ్మ.

"ఇద్దరికీ."

"సరే, కొట్టండి. ఆవిడకిచ్చిన మాట మీ మీదుంచుకోకండి" అంది. నేను గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాను. అమ్మకు అంతా తెలుసు. ఇది గుర్తుంచుకోండి.

సోమవారం పొద్దున నాన్న తలస్నానం చేసి, క్రిస్మస్ పంచె కట్టుకున్నాడు. నేనూ వెళ్ళాను. ఎండ ఇంకా ఎక్కలేదు. పండగ మర్నాడు కదా, ఊరు బద్ధకంగా ఉంది. ఆడవాళ్ళు అంట్లు ముందేసుకుని కూర్చున్నారు, పిల్లలు కొత్త బట్టల్లోనే కాలవ వైపు, చెరువుల వైపు తిరుగుతున్నారు. నాన్న తాడు అందుకుని మొదటి దెబ్బ కొట్టాడు. మోత పూర్తిగా అణిగేదాకా ఆగాడు. రెండో దెబ్బ. వీధుల్లో ఒక్కొక్కరే ఆగడం కనిపించింది. ఎవరికో అందరికీ అర్థమైంది. ఒకరిద్దరు తలలడ్డంగా ఊపారు, అయినా సిలువ గుర్తు వేసుకున్నారు. ఎదురింటి మామ్మ మా గుమ్మం దాకా వచ్చి మోకరించిందని అమ్మ తర్వాత చెప్పింది. "పోన్లే, కొట్టుకోనీ పాపం" అని ఎవరో అనడం వినపడింది. అక్కడితో ఆపి ఉంటే అంతా సవ్యంగా జరిగిపోయేది.

నాన్న తాడు వదిలి నిచ్చెనెక్కాడు. నేను కింద ఉన్నాను. పైనుంచి ఆ సన్న మోత మొదలైంది. టింగు, టింగు, టింగు.

ఊరంతా ఒక్కసారిగా కేకలు. ప్రతి ఇంట్లోంచీ ఆడవాళ్ళు బయటపడ్డారు, బిడ్డల పేర్లు పెట్టి అరుస్తూ, కొందరు కాలవ వైపు, కొందరు చెరువుల వైపు. అంట్ల చేతులు అలాగే ఉన్నాయి. ఒకావిడ చంకలో బిడ్డ ఉంది, ఉన్నదొక్కటే బిడ్డ, అయినా ఏడుస్తూ పరిగెత్తుతోంది. ఎవరి కొడుకో నీళ్ళలోంచి లేచి "నేనిక్కడున్నానే అమ్మా!" అని అరిచాడు. ఆ తల్లి వాణ్ణి ముందు నాలుగు బాది, ఆ తర్వాత వాటేసుకుంది.

వాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. జుట్టు ఊడిపోయి, చెప్పుల్లేకుండా వస్తోంది. నన్ను చూసి, రెండు చేతులతో నా మొహం పట్టుకుని, నా ఒళ్ళంతా తడిమింది. "ఇక్కడున్నావా, ఇక్కడున్నావా" అంటోంది. "నీకు తెలుసు కదమ్మా, నాన్న నిన్ననే చెప్పాడు కదా" అన్నాను. నా మాట ఆవిడకు వినపడలేదు.

నాన్న దిగొచ్చేసరికి గోపురం చుట్టూ జనం. "ఎవరి బిడ్డ? చెప్పవేంటయ్యా, ఎవరి బిడ్డ?" అని గుండెలు బాదుకుంటున్నారు. ఏం జరిగిందో ఆయనకు అప్పుడే అర్థమైంది.

"మా చెల్లి" అన్నాడు. "ఉప్పెనలో పోయింది. అప్పుడు కొట్టలేదు."

చంకలో బిడ్డ ఉన్నావిడ ఆయన చొక్కా కాలరు పట్టుకుంది. "నీ మొహం మండా, ఎప్పుడో పోయినదానికి ఇప్పుడు కొడతావా! మా ప్రాణాలు పోయాయి కదరా!" అని ఊపేసింది. ఆవిడ నాన్నకంటే చాలా చిన్నది. నాన్న ఊపనిచ్చాడు. ఆవిడ కోపంలో తప్పేముంది? ఎవరికైనా గుండె ఆగిపోయేదే. నాకు మాత్రం ఎవరి పక్షాన కోప్పడాలో తెలీలేదు, ఏడుస్తూ నిలబడ్డాను.

ఆ గోలలో ముసలివాళ్ళు కొందరు కాస్త ఎడంగా నిలబడి ఉన్నారు. ఉప్పెన చూసినవాళ్ళు. వాళ్ళు తిట్టలేదు. ఎదురింటి మామ్మ అందరినీ తోసుకుంటూ నాన్న ముందుకొచ్చింది. ఆవిడ కూడా తిడుతుందనుకున్నాను.

"ఒరే అబ్బాయ్" అంది. "నా ఇద్దరికి కూడా కొట్టరా."

నాన్న ఆవిడ వైపు చూశాడు, ఆ తల్లుల వైపు చూశాడు. నిచ్చెన మీద చెయ్యి వేశాడు. అప్పటికే ఫాదర్ గారు పరిగెత్తుకుంటూ వచ్చేశారు. ఆయన అరవలేదు. "చాలయ్యా, ఇక చాలు. వీళ్ళను చూడు" అన్నారు. "సాములోరూ, ఒక్కసారి కొట్టనీయండి. నా పిల్లలకు ఎవరూ కొట్టలేదు" అంది మామ్మ. ఆయన ఆవిడ చేతులు పట్టుకున్నారు. "పూజలో తలుచుకుందాం అమ్మా" అన్నారు. మామ్మ చేతులు విడిపించుకుని, ఒక్కతే మెల్లగా ఇంటికి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా తాడు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. నాన్న కాదనలేదు. నాయనమ్మ మాట నిలబెట్టాడు, ఆ సంగతి మాత్రం నేను ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత కూడా వేళయ్యేసరికి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చునేవాడు. గంట మోగేదాకా కూర్చుని లోపలికొచ్చేవాడు. ఎదురింట్లో మామ్మ కూడా గుమ్మంలో కూర్చుని ఉండేది. ఇద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. ఆవిడ ఎదురుపడితే నాన్నే తల దించుకునేవాడు.

నేను పెళ్ళై గుడివాడ వచ్చేశాక గోపురం బీటలు వారింది. గంట ఊపితే కూలుతుందని బందరు నుంచి స్పీకర్లు తెచ్చి పైన పెట్టారు. ఇప్పుడు గంట మోత రికార్డు. గుడి లోపల స్విచ్చి వేస్తే పూజ గంట, ఇంకో పాట నంబరు పెడితే చావు గంట. వేసినవాళ్ళు వేసేసి ఇంటికి పోతారు. గోపురం కింద నిలబడి చెప్పేవాళ్ళెవరూ లేరు.

ఒక వానాకాలం నేను పుట్టింట్లో ఉండగా మామ్మ పోయింది. సాయంత్రం స్పీకర్లో చావు గంట మోగింది, ఒకటే రకం, పెద్దవాళ్ళది. పిల్లల మోత ఆ రికార్డులో లేదు. నాన్నకు అప్పటికి ఆయాసం, నాలుగడుగులు వేస్తే ఆగాలి. లేచి కాళ్ళు కడుక్కున్నాడు. "ఎక్కడికి నాన్నా, వానలో" అంటున్నా వినకుండా బయల్దేరాడు. గొడుగు పట్టుకుని వెంట వెళ్ళాను. ఆయన వెళ్ళి గోపురం కింద నిలబడ్డాడు.

సైకిలు మీద వెళ్తున్న ఒకాయన ఆగాడు. "ఎవరండీ పోయింది?" అన్నాడు.

"ముగ్గురండి" అన్నాడు నాన్న.

ఆయన సైకిలు దిగాడు. "ముగ్గురా?"

"మా ఎదురింటి పెద్దమ్మ. ఆవిడ కూతురు. ఆవిడ కొడుకు."

ఆ తర్వాత వచ్చి అడిగిన ప్రతివాళ్ళకూ అదే చెప్పాడు. చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు.